తప్పు స్పెల్లింగుతో వెతికినా మన మాట దొరకాలి



ఈ పూట నన్ను మాట్లాడమన్న విషయం వినడానికి కొంచెం పొడిగా ఉంటుంది. ఇంటర్నెట్‌లో మనం పెట్టే సమాచారానికి ‘కీవర్డులు’ ఎలా పెట్టాలి, తప్పు స్పెల్లింగుతో వెతికేవాళ్లకు కూడా అది దొరికేలా ఎలా చెయ్యాలి అన్నది విషయం. ‘ఇది కంప్యూటర్ వాళ్ల పని గదా, ఉద్యమానికి ఏం సంబంధం?’ అని కొందరికి అనిపించొచ్చు. సంబంధం ఉంది. ఒక్క ఉదాహరణతో మొదలుపెడతాను.

1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనందరికీ తెలుసు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని ప్రభుత్వం కూడా ఆదివాసీయేతర ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని చెప్పిన తీర్పు. మనం దాన్ని ‘సమత తీర్పు’ అంటాం. ఆ కేసు వేసిన సంస్థ తన పేరును ఇంగ్లీషులో రాసుకునేటప్పుడు చివర ‘టీ ఏ’ అని రాసుకుంటుంది. కోర్టు రికార్డులో, లా రిపోర్టుల్లో మాత్రం ‘టీ హెచ్ ఏ’ అని పడింది. ఒక్క హెచ్ తేడా. ఇంక ‘తీర్పు’ అనే ఇంగ్లీషు మాటకే రెండు స్పెల్లింగులు ఉన్నాయి, మధ్యలో ‘ఈ’ ఉన్నదొకటి, లేనిదొకటి. రెండూ రెండూ కలిపితే నాలుగు రకాలు. తెలుగులో ‘సమత’, ‘సమతా’ కలిపితే ఇంకా పెరుగుతాయి.

ఇప్పుడు ఆలోచించండి. ఊళ్లో గ్రామసభ ఉంది. గని లీజు గురించి మాట్లాడటానికి ఎవరో వస్తున్నారు. ఊళ్లో డిగ్రీ చదివిన పిల్ల ఫోన్ తీసి ఆ తీర్పు కోసం వెతుకుతుంది. సిగ్నల్ ఒక గీతే ఉంది. ఒకసారి వెతికితే దొరకాలి. దొరక్కపోతే సభలో చెప్పాల్సిన మాట చెప్పకుండానే సభ ముగుస్తుంది. ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయేది ఆ పిల్ల చేతిలో ఉండాల్సిన ఆయుధం. అందుకే ఇది మన పనే.

*మన పేర్లు ఎందుకు ఇన్ని రకాలు?*

మన పేర్లు నోటి నుంచి పుట్టినవి, కాగితం నుంచి కాదు. గోండి, కోయ, కొలామి, కువి, సవర భాషల్లో పలికిన పేరును మొదట ఒక తెలుగు గుమాస్తానో, ఉర్దూ గుమాస్తానో, ఇంగ్లీషు దొరో తన చెవికి వినపడినట్టు రాసుకున్నాడు. తర్వాత వచ్చినవాడు దాన్ని ఇంకో భాషలోకి మార్చాడు. ఇంకొకాయన దాన్ని కంప్యూటర్‌లో కొట్టాడు. ఇన్ని చేతులు మారాక పేరు ఒకేలా ఉండమంటే ఎట్లా ఉంటుంది?

1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన మన భీమ్‌నే తీసుకోండి. తెలుగులోనే కొమరం, కొమురం, కుమ్రం, కుమురం అని రాస్తారు. భీం, భీమ్, భీము అని రాస్తారు. జిల్లా పేరు ప్రభుత్వ కాగితాల్లో ‘కుమురం భీం ఆసిఫాబాద్’. జనం నోట్లో ‘కొమరం భీం’. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పులు జరిగిన ఊరు తెలుగులో ఇంద్రవెల్లి, ఇంద్రవెళ్లి. ఇంగ్లీషు కాగితాల్లో ఇందర్‌వెల్లి. గోండుల మీద పుస్తకాలు రాసిన హైమండార్ఫ్ పేరైతే ఎన్ని రకాలుగా రాస్తారో లెక్క పెట్టడమే కష్టం.

తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడంలో ఇంకో ఇబ్బంది ఉంది. ‘త’కు కొందరు టీ అని, కొందరు టీ హెచ్ అని కొడతారు. దీర్ఘానికి కొందరు రెండు ఈలు, కొందరు ఒక ఐ. ‘ఊ’కు కొందరు రెండు ఓలు, కొందరు ఒక యూ. ఎవరిదీ తప్పు కాదు, ఎందుకంటే దీనికి అందరూ ఒప్పుకున్న నియమమే లేదు.

తెలుగు లిపిలో వెతికినా బాధ తప్పదు. ‘భీం’ అని సున్నాతో రాసినది, ‘భీమ్’ అని పొల్లుతో రాసినది మన చెవికి ఒకటే. కంప్యూటర్ లోపల మాత్రం అవి రెండు వేర్వేరు అక్షరాల వరుసలు. దాని దగ్గర అంకెలు ఉంటాయి, చెవులు ఉండవు.

*కీవర్డ్ మెటా ట్యాగ్ అంటే ఏంది?*

వెబ్ పేజీకి మనకు కనపడే భాగం ఒకటి, కనపడని తల భాగం ఒకటి ఉంటాయి. ఆ తల భాగంలో పేజీ గురించి చెప్పే చిన్న చీటీలను మెటా ట్యాగులు అంటారు. వాటిలో ఒకటి ‘కీవర్డ్స్’. ‘ఈ పేజీ ఫలానా ఫలానా మాటల గురించి’ అని కామాలు పెట్టి రాసే చీటీ. ఎరువుల బస్తాకు కట్టిన అట్టముక్క లాంటిది. బస్తా విప్పకుండానే లోపల ఏముందో చెబుతుంది.

1990ల్లో ఆల్టావిస్టా లాంటి సెర్చ్ ఇంజన్లు ఈ చీటీని చదివేవి. అప్పట్లో పేజీలు తయారుచేసేవాళ్లు ఒక తెలివైన పని చేసేవాళ్లు. జనం ఏ ఏ తప్పు స్పెల్లింగులతో వెతుకుతారో ఊహించి, ఆ తప్పులన్నీ ఈ చీటీలో రాసి పెట్టేవాళ్లు. పైకి పేజీ శుభ్రంగా, సరైన స్పెల్లింగుతో కనపడేది. లోపల మాత్రం తప్పుగా వెతికినవాడికి కూడా తలుపు తెరిచి ఉండేది. మంచి ఆలోచనే.

కానీ దాన్ని వ్యాపారులు పాడు చేశారు. లోపల ఉన్నది ఊక, అట్టముక్క మీద రాసింది సన్నబియ్యం. పేజీకి సంబంధం లేని మాటలు, సినిమా తారల పేర్లు, పోటీ కంపెనీల పేర్లు వందల కొద్దీ ఆ చీటీలో నింపేశారు. దాంతో సెర్చ్ ఇంజన్లు ఆ చీటీని నమ్మడం మానేశాయి. 2009 సెప్టెంబర్‌లో గూగుల్ బహిరంగంగానే చెప్పింది: వెబ్ పేజీలకు ర్యాంకు ఇచ్చేటప్పుడు కీవర్డ్స్ మెటా ట్యాగును మేం లెక్కలోకి తీసుకోవడం లేదని.

ఇది మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే ఇప్పటికీ ‘మీ వెబ్‌సైటుకు కీవర్డులు పెట్టి గూగుల్‌లో మొదటికి తెస్తాం’ అని డబ్బులు అడిగేవాళ్లు ఉన్నారు. సంఘం పైసలు అట్లాంటి వాటికి పెట్టకండి. ఆ చీటీలో ‘కొమరం, కుమ్రం, కుమురం’ అని పది రకాలు రాసినంత మాత్రాన గూగుల్‌లో మన పేజీ పైకి రాదు.

‘మరి అయిపోయినట్టేనా?’ అంటే కాదు. చీటీ పాతబడింది, దాని వెనక ఉన్న ఆలోచన పాతబడలేదు. వెతికేవాడు ఎలా వెతికినా దొరకాలి అన్నదే ఆ ఆలోచన. దాన్ని ఈ రోజు ఎక్కడ, ఎలా చెయ్యాలి అన్నదే మన ప్రశ్న.

*యంత్రమే సరిచేస్తుంది గదా?*

‘నేను తప్పు కొట్టినా గూగులే సరిచేసి చూపిస్తుంది, మనకెందుకు ఈ బాధ?’ అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జవాబు సగం అవును, సగం కాదు. ఎందుకో చూద్దాం.

పలుకును బట్టి పేర్లను కలపడం కంప్యూటర్ల కంటే ముందే పుట్టింది. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ అనే ఆయన 1918లో ‘సౌండెక్స్’ అనే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. 1930ల్లో అక్కడ వృద్ధులకు పింఛను పథకం వచ్చింది. పుట్టిన తేదీ కాగితం లేనివాళ్లు వయసు ఎట్లా రుజువు చేసుకోవాలి? పాత జనగణన పుస్తకాల్లో పేరు వెతకాలి. ఆ పుస్తకాల్లో గుమాస్తాలు పేర్లను ఇష్టమొచ్చినట్టు రాసి పెట్టారు. అప్పుడు ఈ సౌండెక్స్‌తో జనగణనకు సూచిక తయారుచేశారు. కాగితం లేని మనిషి తన హక్కు కోసం తన పేరు తాను వెతుక్కోవాల్సి వచ్చిన కథ అది. మనకు కొత్త కథేం కాదు.

పద్ధతి తేలికే. పేరులో మొదటి అక్షరం అట్లాగే ఉంచాలి. తర్వాత ఏ, ఈ, ఐ, ఓ, యూ, హెచ్, డబ్ల్యూ, వై తీసేయాలి. మిగిలిన హల్లుల్లో దగ్గరగా పలికేవాటికి ఒకే అంకె ఇవ్వాలి. డీ, టీలకు 3. ఎం, ఎన్‌లకు 5. ఆర్‌కు 6. ఇట్లా మూడు అంకెలు వచ్చేదాకా, చాలకపోతే సున్నాలు చేర్చాలి.

ఇప్పుడు మన పేర్ల మీద వేసి చూడండి. సమత, హెచ్ ఉన్నా లేకున్నా: ఎస్ 530. రెండూ ఒకటే అయ్యాయి. కొమరం, కుమ్రం, కుమురం: మూడూ కే 565. భీమ్‌కు రెండు ఈలు పెట్టినా, ఒక ఐ పెట్టినా బీ 500. నూరేళ్ల కిందటి పద్ధతి మన పేర్లను కలిపేసింది!

ఇప్పుడు ఇంకోటి వేయండి. సవర అని మనం అంటాం. ఆ జనం తమను తాము ‘సొర’ అనుకుంటారు. ఒడిశాలో ‘సౌర’ అని రాస్తారు. సవరకు ఎస్ 160 వచ్చింది. సొరకు ఎస్ 600. కలవలేదు. ఒకే జనం, రెండు అంకెలు. గోండులు తమను తాము ‘కోయతూర్’ అనుకుంటారు. గోండు, కోయతూర్ అనే రెండు మాటల్లో ఒక్క పోలికా లేదు. ఏ పలుకు లెక్కా వాటిని కలపలేదు.

ఇంకో పద్ధతిలో ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీయాలి, మార్చాలి అని లెక్క వేస్తారు. తక్కువ మార్పులైతే ఒకటే మాట అనుకుంటారు. దీనికీ అదే హద్దు.

ఇప్పటి సెర్చ్ ఇంజన్లు వీటికంటే చాలా ముందుకెళ్లాయి. గూగుల్ 2020లో చెప్పిన లెక్క ప్రకారం రోజూ వచ్చే ప్రతి పది వెతుకులాటల్లో ఒకటి స్పెల్లింగు తప్పుతోనే వస్తుంది. ఆ తప్పుల నుంచే యంత్రం నేర్చుకుంటుంది. అమెరికా గాయని బ్రిట్నీ స్పియర్స్ పేరును జనం ఎన్ని రకాలుగా కొట్టారో గూగుల్ ఒకప్పుడు జాబితా పెట్టింది. ఐదు వందలకు పైగా రకాలు! అన్నింటినీ అది సరిచేయగలిగింది. ఎందుకు? లక్షల మంది వెతికారు కాబట్టి. తప్పు కొట్టినవాళ్లు మళ్లీ సరిగ్గా కొట్టారు, యంత్రం అది చూసి నేర్చుకుంది.

మన మాటల సంగతి అట్లా కాదు. మన వాడ పేరు, మన దేవర పేరు, మన ఇంటిపేరు ఎంతమంది వెతుకుతారు? వెతికేది కొద్దిమంది అయితే యంత్రానికి దొరికే పాఠం కూడా కొద్దిదే. ఇంకో ప్రమాదం కూడా ఉంది. తక్కువ మందికి తెలిసిన మాటను చూసి, ‘నువ్వు కొట్టింది తప్పు, నీకు కావాల్సింది ఇదిగో ఈ పెద్ద మాట’ అని అది మనల్నే సరిదిద్దొచ్చు. బడిలో పంతులు మన ఇంటిపేరును దిద్దినట్టే. కాబట్టి పెద్ద పేర్ల సంగతి యంత్రం చూసుకుంటుంది. చిన్న పేర్ల సంగతి మనమే చూసుకోవాలి.

*స్పెల్లింగు కాదు, పేరే వేరు*

ఇంకో మెట్టు పైకి వెళ్దాం. చాలాసార్లు తేడా అక్షరంలో ఉండదు. జనం పిలిచే పేరు ఒకటి, కాగితం మీద పేరు ఇంకొకటి.

మనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటాం. ‘ఒకటి బై డెబ్భై’ అంటాం. కాగితం మీద అది 1959 నాటి షెడ్యూల్డు ప్రాంతాల భూమి బదలాయింపు రెగ్యులేషన్, దాన్ని సవరించిన 1970 నాటి 1వ రెగ్యులేషన్. ఆదివాసీయేతరుడి చేతిలో ఉన్న భూమి ఆదివాసీ నుంచి వచ్చిందనే మొదట అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత అతనిదే అని చెప్పిన చట్టం. ‘1/70’ అని గీత పెట్టి వెతికేవాడికి అది దొరకాలి. ‘ఎల్‌టీఆర్ కేసు’ అని వెతికేవాడికి కూడా దొరకాలి. ‘భూబదలాయింపు చట్టం’ అని వెతికేవాడికీ దొరకాలి.

‘జీవో 3’ అంటాం. 2000 జనవరి 10న వచ్చింది. షెడ్యూల్డు ప్రాంత బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక ఆదివాసీలకే ఇచ్చిన జీవో. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు కోర్టు రికార్డులో ఏ పేరు మీద ఉంది? ‘చేబ్రోలు లీలా ప్రసాద్ రావు వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ అని. మనూరి టీటీసీ చేసిన తమ్ముడికి ఆ పేరు ఎట్లా తెలుస్తుంది? వాడికి తెలిసింది ‘జీవో 3’. ఈ రెండు పేర్లూ ఒకే పేజీ మీద పక్కపక్కన రాసినవాడు ఉంటేనే వాడికి ఆ తీర్పు దొరుకుతుంది.

2006 నాటి చట్టం అసలు పేరు ‘షెడ్యూల్డు తెగలు, ఇతర సంప్రదాయ అటవీ నివాసుల అటవీ హక్కుల గుర్తింపు చట్టం’. చదివేవాళ్లు ‘ఎఫ్‌ఆర్‌ఏ’ అంటారు. ఆఫీసుల్లో ‘ఆర్‌ఓఎఫ్‌ఆర్’ అంటారు. మన తాత ‘పోడు పట్టా’ అంటాడు. పంచాయతీల చట్టాన్ని కొందరు ‘పెసా’ అంటారు, కొందరు ‘పీసా’ అంటారు. మనం ఆదివాసీ అంటాం, సర్కారు గిరిజన అంటుంది, ఇంగ్లీషులో ఎస్టీ, ట్రైబల్ అంటారు. ‘గిరిజన’ అనే మాట మనలో చాలామందికి నచ్చదు, నాకూ నచ్చదు. కానీ స్కాలర్‌షిప్పు కోసం వెతికే పిల్ల ‘గిరిజన సంక్షేమ శాఖ’ అనే కొడుతుంది. ఆ మాట మన పేజీలో ఒక్కసారన్నా ఉండాలి. లేకపోతే ఆ పిల్ల వేరేవాళ్ల పేజీకి పోతుంది.

*పార్లమెంటే స్పెల్లింగులు చేర్చాల్సి వచ్చింది*

స్పెల్లింగు అంటే చిన్న విషయం అనుకునేవాళ్లకు ఛత్తీస్‌గఢ్ సంగతి చెప్పాలి. షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్న పేరు ఒకలా, రెవెన్యూ కాగితాల్లో రాసిన పేరు ఇంకోలా ఉండేసరికి అక్కడ మన సోదరులకు కుల ధ్రువపత్రాలు రాలేదు. జాబితాలో ‘భారియా భూమియా’ అని ఉంది. కాగితాల్లో భుయ్యా, భుయ్యాఁ, భుయాన్ లాంటి రూపాలు ఉన్నాయి. పండో తెగ పేరును హిందీలో రాసే తీరులోనే తేడాలు ఉన్నాయి. ధ్రువపత్రం లేకపోతే సీటు లేదు, ఉద్యోగం లేదు. చివరికి 2023లో పార్లమెంటు చట్టం చేసి ఆ వేర్వేరు రూపాలను జాబితాలో చేర్చింది.

అంటే ఏంది? దేశపు అతి పెద్ద సభ కూర్చుని, ‘ఇలా రాసినా వీళ్లే, అలా రాసినా వీళ్లే’ అని రాసింది. మనం పేజీలో చేయాల్సింది కూడా అదే పని. వాళ్లకు ఏళ్లు పట్టింది, మనకు పది నిమిషాలు చాలు.

మన జాబితాలో కూడా కోయ పేరు కింద దోలి కోయ, గుత్త కోయ, లింగధారి కోయ, రాజ్ కోయ అని ఎన్నో ఉన్నాయి. కొండదొరల పక్కన కుబి అని ఉంది. గోండు పక్కన నాయక్‌పోడ్, రాజ్‌గోండు, కోయతూర్ అని ఉంది. మన తెగ పేజీ రాసేటప్పుడు ఆ జాబితాలో ఉన్న రూపం తప్పకుండా రాయండి. రేపు ఎవరైనా సర్టిఫికెట్ కోసం వెతికితే అదే పనికొస్తుంది.

*ఇప్పుడు చేయాల్సిన పని*

ఒకటి. అసలు పేరును మనం పిలుచుకున్నట్టే శీర్షికలో పెట్టండి. లోపల మొదటి పేరాలోనే, అందరికీ కనపడేలా ఒక వాక్యం రాయండి. ‘కుమ్రం భీం పేరును కొమరం భీమ్, కుమురం భీం అని కూడా రాస్తారు’ అని. చీటీలో దాచిన మాటను గూగుల్ చదవదు గానీ, పేజీ మీద మనిషి కోసం రాసిన మాటను చదువుతుంది. పాత మెటా ట్యాగు చేసిన పనిని ఇప్పుడు ఈ ఒక్క వాక్యం చేస్తుంది. వికీపీడియాలో కూడా వేరే స్పెల్లింగుతో వచ్చినవాణ్ని అసలు పేజీకి పంపే ‘దారిమార్పు’ పేజీలు ఉంటాయి. పాత లైబ్రరీల్లో కార్డు మీద ‘ఫలానా చూడుము’ అని రాసి పెట్టేవాళ్లు, అట్లాంటిదే.

రెండు. ఇంగ్లీషు అక్షరాల రూపం కూడా ఒకటో రెండో ఇవ్వండి. మనవాళ్లలో చాలామంది ఫోన్లో తెలుగు లిపిలో కొట్టరు.

మూడు. సంఘానికి సొంత వెబ్‌సైటు ఉండి, అందులో సొంత వెతికే పెట్టె ఉంటే, అక్కడ కీవర్డ్ చీటీ ఇప్పటికీ పనికొస్తుంది. ఆ పెట్టెను మన మాట వినేలా మనమే పెట్టుకోవచ్చు. ‘కీవర్డ్స్ చీటీ కూడా చదువు’ అని సైటు చేసే తమ్ముడికి చెప్పండి. సొర అంటే సవర, జీవో 3 అంటే చేబ్రోలు కేసు అని జోడీల పట్టిక ఒకటి రాసి ఇవ్వండి. ఆ పట్టిక తయారుచేయడం ఇంజినీరుకు రాదు, మనకే వస్తుంది.

నాలుగు. యూట్యూబ్. మనలో ఎక్కువమంది చదివేకంటే చూసేది ఎక్కువ. వీడియో పెట్టేటప్పుడు ట్యాగులు అని ఒక గడి ఉంటుంది. వీడియో దొరకడంలో ట్యాగుల పాత్ర చాలా తక్కువే, కానీ జనం తరచూ తప్పుగా రాసే మాటలు ఉంటే అవి పనికొస్తాయని యూట్యూబే తన సహాయ పేజీలో చెబుతుంది. అంటే ఆ గడి మనలాంటివాళ్ల కోసమే మిగిలి ఉంది! జోడేఘాట్, జోడెన్‌ఘాట్, ఇంద్రవెల్లి, ఇంద్రవెళ్లి అని అక్కడ రాయండి. ట్యాగుల గడిలోనే రాయండి, కింద వివరణలో ట్యాగులు కుప్ప పోయొద్దు. అది వాళ్ల నియమాలకు విరుద్ధం.

ఐదు. కాగితాన్ని ఫోటో తీసి పెడితే అందులోని మాటలు వెతికినవాడికి దొరకడం కష్టం. అది యంత్రానికి బొమ్మ. పాత జీవోలు, గ్రామసభ తీర్మానాలు స్కాన్ చేసి పెట్టినప్పుడు, కింద నాలుగు లైన్లు టైపు చేయండి: ఇది ఏం కాగితం, ఏ తేదీది, ఏ మండలం, ఏ చట్టం కింద అని. ఫైలుకు ‘స్కాన్ 12’ అని కాకుండా అర్థమయ్యే పేరు పెట్టండి.

ఆరు. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టించిన కరపత్రాలు మన దగ్గర బోలెడు ఉన్నాయి. అవి కంటికి తెలుగే, యంత్రానికి మాత్రం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. వాటిని యూనికోడ్‌లోకి మార్చే దాకా ఎవరు ఏ స్పెల్లింగుతో వెతికినా దొరకవు.

*జాగ్రత్తలు*

తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో వందల మాటలు దాచిపెట్టే ఉపాయం ఎవరైనా చెబితే వినకండి. దాన్ని సెర్చ్ ఇంజన్లు మోసంగానే చూస్తాయి, పేజీని తొక్కేస్తాయి. అదే కారణంగా పాత మెటా ట్యాగు చచ్చిపోయింది. మనం మోసం చేయాల్సిన అవసరం లేదు. మన పేరుకు నిజంగా ఉన్న రూపాలు రాస్తే చాలు.

సంబంధం లేని మాటలు పెట్టకండి. పోడు పట్టా పేజీకి ఎమ్మెల్యే పేరు కీవర్డుగా పెడితే వచ్చేవాళ్లు పెరుగుతారేమో గానీ, వచ్చినవాడు తిట్టుకుంటూ పోతాడు. రెండోసారి మన పేజీ తెరవడు.

ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యం. దొరికేలా చేయడం మంచిదే కానీ అన్నీ దొరకకూడదు. పట్టాల జాబితాలో మనుషుల పేర్లు, సర్వే నంబర్లు, ఫోన్ నంబర్లు, కేసుల్లో ఉన్నవాళ్ల పేర్లు, ఆడపిల్లల వివరాలు కీవర్డులు చేయకండి. చట్టం దొరకాలి, మనిషి కాదు. భూమి మీద కన్నేసినవాడు కూడా అదే పెట్టెలో వెతుకుతాడు.

*‘తప్పును నేర్పినట్టు కాదా?’*

చివరగా ఒక అభ్యంతరం. మన భాషా ప్రేమికులైన పెద్దలు కొందరు అంటారు: ‘ఇన్ని రూపాలు రాస్తే తప్పును నిలబెట్టినట్టు అవుతుంది గదా. ఒకే సరైన రూపం పెట్టి అందరికీ నేర్పాలి.’ వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. మన పేర్లను ఇష్టమొచ్చినట్టు రాసినవాళ్ల మీద కోపం నాకూ ఉంది. గోండి లిపులు రెండు యూనికోడ్‌లోకి వచ్చాయి, 2017లో మసారం గోండి, 2018లో గుంజాల గోండి. మన పేరును మన లిపిలో, మన పలుకుతో రాసే రోజు రావాలి. అది జరగాలి.

కానీ నేర్పాలంటే ముందు మనిషి మన గడప దాకా రావాలి. ‘ఇలా కూడా రాస్తారు’ అని చెప్పడం తప్పును ఒప్పు చేయడం కాదు. తప్పు దారిన వచ్చినవాణ్ని వాకిట్లోకి పిలవడం. లోపలికి వచ్చాక సరైన పేరు పెద్ద అక్షరాలతో కనపడుతుంది. సొర అనే పేరు వాళ్లదే అని, సవర అనేది బయటివాళ్లు పెట్టిన రూపం అని అక్కడ చెప్పొచ్చు. ఎవరి పేరు శీర్షికలో ఉందో, ఎవరి పేరు ‘అని కూడా అంటారు’లో ఉందో, రాజకీయం అంతా అక్కడే ఉంది. ఇన్నాళ్లూ వాళ్ల శీర్షికల కింద మనం ‘అని కూడా అంటారు’గా బతికాం. ఇప్పుడు వరుస మార్చాలి.

కాబట్టి ఇంటికి పోయాక ఒక్క పని చేయండి. మీ ఊరి పేరు, మీ ఇంటిపేరు, మీ పండుగ, మీ వాగు, మీ గుట్ట, వీటిని ఎవరెవరు ఎట్లా పలుకుతారో, ఏ కాగితంలో ఎట్లా ఉందో ఒక నోట్‌బుక్‌లో రాయండి. రేషన్ కార్డు చూడండి, ఆధార్ చూడండి, పాత పట్టా చూడండి. అవ్వను అడగండి, బడి పంతులును అడగండి. అవ్వ చెప్పిన రూపాన్ని మొదట రాయండి, మిగతావి దాని పక్కన. ఆ పట్టికలు వచ్చే నెల సమావేశానికి తెస్తే అందరివీ కలుపుదాం, ఒక్కొక్క పేజీలో పెట్టుకుంటూ పోదాం.

ఎవరికన్నా సందేహాలు ఉంటే ఇప్పుడే అడగండి, ఫోన్లు తీసి ఇక్కడే వెతికి చూద్దాం.

జోహార్.